గోనెతాడు తోక

నవంబరు 2, ఆదివారం

మంచిది. ఇరవై ఆరేళ్ళు మైకు పక్కన నిలబెట్టి, ఇప్పుడు "మీరు ముందు వరసలో కూర్చోండి మేస్టారూ, శాలువా కప్పుతాం" అంటున్నారు. శాలువా కప్పడమంటే ఏమిటో నాకు తెలియదా? రిటైరైన రోజున బడిలో కూడా ఒకటి కప్పారు. కప్పాక మళ్ళీ ఆ గేటు లోపలికి రమ్మన్నవాడు లేడు.

డిసెంబరు 7న మా చర్చికి నూరేళ్ళ పండగ. షిల్లాంగ్ నుంచి ఒక పెద్ద రెవరెండుగారు వచ్చి ఇంగ్లీషులో వాక్యం చెబుతారట. ఆయన ఒక ముక్క ఇంగ్లీషులో చెబితే, పక్కన నిలబడినవాడు ఆ ముక్క తెలుగులో చెప్పాలి. ఈ ఆమదాలవలసలో ఆ పని ఎవరిదో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. విదేశీ దొరలు వచ్చినప్పుడు అబ్రహాం మేస్టారే, కేరళ వాళ్ళు వచ్చినప్పుడు అబ్రహాం మేస్టారే. జ్వరంతో కూడా నిలబడ్డాను.

కొత్త పాస్టరు ఎలీషాకి ముప్పై నాలుగేళ్ళు. ప్రార్థన అయ్యాక నన్ను చెప్పులు విప్పే చోటికి తీసుకెళ్ళి చల్లగా చెప్పాడు: "ఈసారి తర్జుమాకి షీబా సిస్టర్ని అనుకుంటున్నాం మేస్టారూ. యూత్‌ని ఎంకరేజ్ చెయ్యాలి కదా. స్వాగతోపన్యాసం కూడా ఆవిడే ఇంగ్లీషులో చదువుతుంది."

షీబా. గంగులు కూతురు. గంగులు గూడ్సు షెడ్డు దగ్గర బస్తాలు మోసిన కలాసీ. ఆ పిల్ల పదో తరగతి నా దగ్గరే చదివింది. ఇప్పుడు శ్రీకాకుళంలో ఏదో ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. తండ్రి గురించి వ్యాసం రాయమంటే "మా నాన్న బస్తాతో ఫాస్ట్‌లీ పరుగెత్తును" అని రాసిన మహానుభావురాలు. ఫాస్ట్‌కి లీ ఉండదు అని ఆ సంవత్సరం వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. ఆవిడ రేపు నూరేళ్ళ పండగలో నా చోట నిలబడుతుంది.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

నవంబరు 3

నాకేమీ బాధ లేదు.

నవంబరు 5, బుధవారం

పుస్తకం పని పెట్టుకున్నాను. 'క్రియా విశేషణ దర్పణము'. నూట పన్నెండు పేజీలు అయ్యాయి. ఇంగ్లీషులో పని ఎలా జరిగిందో చెప్పే మాటకి ఎప్పుడు లీ చేర్చాలి, ఎప్పుడు చేర్చకూడదు, ఎప్పుడు గుడ్ అనాలి, ఎప్పుడు వెల్ అనాలి. ఇంత చిన్న సంగతి ఈ జిల్లాలో ఒక్కడికీ పట్టదు. పొద్దున్న స్టేషను రోడ్డు మీద నడిచి వస్తూ కాగితం మీద ఎక్కించాను. మలుపు దగ్గర బోర్డు: 'డ్రైవ్ స్లో'. టిఫిను కొట్టు: 'ఫ్రెష్ మేడ్ ఇడ్లీస్'. నిన్న వచ్చిన పెళ్ళి కార్డు: 'వుయ్ హార్టీ ఇన్వైట్ యూ'. అన్నిటికంటే పైన స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు వాడి కరపత్రం: 'ముప్పై రోజుల్లో స్పీక్ ఫ్లుయెంట్'. ఆ కరపత్రం ఎర్ర సిరాతో దిద్ది, నేనే వెళ్ళి వాళ్ళ చేతికిచ్చాను. కౌంటర్లో అమ్మాయి "థాంక్స్ అంకుల్" అని దాన్నే మడిచి విసురుకుంది.

మూడో అధ్యాయం 'తోక పద్ధతి'. దీని గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే ఇది నా సొంతం. గోనెతాడు మూరెడు తీసుకుని, ఒక కొస పీచులు విప్పి, ఆ పీచుని ఎర్ర సిరాలో ముంచి ఆరబెట్టాను. రెండో కొసకి పిన్నీసు. క్లాసులో ఎవరైనా లీ ఉండాల్సిన చోట మరిచిపోయినా, ఉండకూడని చోట తగిలించినా, మిగతా పిల్లలంతా ఒక్క గొంతుతో "తోక" అని అరవాలి. తప్పు చేసినవాళ్ళకి ఆ తోక వెనకాల తగిలించేవాణ్ణి. మరొకరు తప్పు చేసేదాకా అది వాళ్ళదే. క్లాసంతా పడి పడి నవ్వేది. నవ్వుతూ నేర్చుకున్నది మరిచిపోరు. దెబ్బ వెయ్యలేదు, తిట్టలేదు. ఇంతకంటే సున్నితమైన పద్ధతి ఎవడు కనిపెట్టాడు?

ఆ మొదటి తోక పన్నెండేళ్ళు వాడాను. 2011లో ఎవడో దొంగవెధవ ఎత్తుకుపోయాడు. ఇంకొకటి చేశాను గానీ ఆ అందం రాలేదు.

నవంబరు 9, ఆదివారం

జలుబు. చర్చికి వెళ్ళలేదు.

లీల వెళ్ళొచ్చింది. "ఏటండీ, జలుబన్నారు, ఒక్క తుమ్మూ తుమ్మలేదు" అంది. భార్య పేరు లీలారాణి అయినంత మాత్రాన మాటలో లాలిత్యం ఉండాలని లేదు.

నవంబరు 15, శనివారం

షీబా వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా, తెల్ల యూనిఫాం మీద చున్నీ వేసుకుని. కూర్చోమనేదాకా కూర్చోలేదు, అది ఒప్పుకోవాలి. సంచిలోంచి స్వాగతోపన్యాసం తీసింది. రెండు పేజీలు, నీలం సిరా. ఎడమ పక్క నాలుగు వేళ్ళ మార్జిన్.

"ఇంత మార్జిన్ ఎందుకు?" అన్నాను.

"తవరు దిద్దడానికండి. ఎర్ర సిరాకి చోటుండాలి కదా" అని నవ్వింది. "షిల్లాంగ్ ఆయన ముందర తప్పు చదివితే నా పరువే కాదండి, మన చర్చి పరువు పోతుంది. తవరు చూశాక గానీ నాకు ధైర్యం రాదండి."

"తర్జుమాకి మాత్రం ధైర్యం వచ్చిందన్నమాట."

తలొంచుకుంది. "నేనడగలేదు మేస్టారూ. ఆస్పత్రిలో డాక్టర్లు ఇంగ్లీషులో చెప్పింది పేషెంట్లకి నేనే చెబుతాను. పాస్టరుగారి అమ్మగారు మా వార్డులో ఉన్నప్పుడు ఆయన విన్నారు. వద్దంటే వినలేదండి."

వార్డులో తర్జుమా. మాత్ర మింగు, ఇటు తిరుగు. దానికీ దీనికీ పోలికా?

"సరే. ఫాస్ట్‌కి లీ వస్తుందా?" అని అడిగాను, ఊరికే.

గభాల్న లేచి నిలబడింది. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి. "రాదండి" అంది. ఒక చెయ్యి వెనక్కి, నడుం మీద పెట్టుకుంది. నడుం నొప్పి కాబోలు, నర్సులది రోజంతా నిలబడే ఉద్యోగం కదా.

రేపు చర్చిలో ఇస్తానని చెప్పి పంపాను. లీల ఆ పిల్లకి కాఫీ ఇచ్చింది. అంత పెద్ద గ్లాసుతో నాకెప్పుడూ ఇవ్వలేదు.

నవంబరు 16, ఆదివారం

ఏడు తప్పులు. రెండుసార్లు లెక్కపెట్టాను. మొదటి పేజీలో నాలుగు, రెండో పేజీలో మూడు. 'వుయ్ వెల్‌కం యూ హ్యాపీ' అట. 'అవర్ ఎల్డర్స్ బిల్ట్ దిస్ చర్చ్ వెరీ కేర్‌ఫుల్' అట. అవ్వ చేసిన అరిసెలాగా ఎక్కడా అంచు తిన్నగా లేదు. అయితే చెప్పిన సంగతులు మాత్రం... సరే, సంగతులు ఎవరైనా చెబుతారు.

ఎర్ర పెన్ను మూత తీశాను. పెట్టాను. మళ్ళీ తీశాను.

కింద 'గుడ్' అని రాసి సంతకం పెట్టాను. చర్చి అయ్యాక ఇచ్చేశాను. ఆ పిల్ల మార్జిన్ చూసింది, పేజీ తిప్పి ఆ మార్జినూ చూసింది, నా మొహం చూసింది. "థాంక్సండి" అని వెళ్ళిపోయింది.

నవంబరు 19

చూసి పెట్టమంది. చూశాను. దిద్దమని స్పష్టంగా అనలేదు.

మార్జిన్ దిద్దడానికే అని అంది, నిజమే. కానీ పెద్ద పెద్ద డాక్టర్లతో తిరిగే మనిషికి రిటైరైన మేస్టారి దిద్దుబాటు ఎందుకు? అనుభవమే గురువు అంటారు. అనుభవం మీద నేర్చుకోనీ.

నవంబరు 23, ఆదివారం

ఇంట్లో గొడవ. మొదలెట్టింది నేను కాదు. షీబా తెలుగు వట్టి పామర తెలుగని, అతిథి ముందు పరువు పోతుందని అన్నాను, అంతే. లీల చేటలో బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టేసింది.

"మీ తెలుగు ఎవులికి అర్థమైనాదని? ఇరవయ్యారేళ్ళు ముందు బెంచీల కూకొని ఇన్నాను. ఆ దొర ఒక మాటంతే మీరు నాలుగు ముగానులంతారు. గనముగాను, సున్నితముగాను, ఇంకేటో ముగాను. సండేస్కూలు పిల్లలు మిమ్మల్ని ఏటంతారో తెలుసా?"

"ఏమంటారు?"

"ముగాను మేస్టారంతారు."

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. "మొదట్నించీ" అంది.

ఇరవై ఆరేళ్ళు. ఒక్కరూ నా ముందు అనలేదు. వెనకాల తగిలించి నవ్వుకున్నారన్నమాట. పిరికిపందలు.

నవంబరు 30

ఇంకా వారం ఉంది. ఆ ఏడు తప్పులూ చెప్పాలంటే ఒక్క ఫోను.

డిసెంబరు 4

ఫోను చేశాను. ఎంగేజ్. రెండోసారి చెయ్యలేదు.

డిసెంబరు 7, ఆదివారం

పండగ అయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

షామియానా, రంగు కాగితాలు, ప్లాస్టిక్ పూలు. నాకు శాలువా కప్పారు, ముందు వరసలో కూర్చోబెట్టారు. వెనకాల మూడు వందల మంది. అందులో కనీసం వంద మంది నా దగ్గర చదివినవాళ్ళు. గిటారు వాయించే థామస్ కూడా నా శిష్యుడే. వాడు నెలకి నాలుగు రోజులు తోకతోనే ఉండేవాడు.

షీబా వచ్చి కాగితం విప్పింది. ఆపెయ్ అని లేచి అనాలనిపించింది. లేవలేదు. ఏడింటికి ఏడూ చదివింది. ఒక్కొక్కటి వస్తున్నప్పుడు నాకు తెలుస్తూనే ఉంది, రోడ్డు మీద గుంత తెలిసినవాడికి బస్సులో తెలిసినట్టు. అతిథి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చిరునవ్వుతో వింటున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. హమ్మయ్య అయిపోయిందనుకున్నాను. అప్పుడు కాగితం మడిచి, ఇంగ్లీషులోనే, చాలా నెమ్మదిగా అంది: ఈ ఉపన్యాసాన్ని దిద్దింది మా గురువుగారు అబ్రహాం మేస్టారు, ముందు వరసలో ఉన్నారు.

అతిథి నా వైపు తిరిగి తల వంచాడు. అదే చిరునవ్వు. నలభై ఏళ్ళ నా ఇంగ్లీషు ఆ చిరునవ్వులో కొట్టుకుపోయింది.

తర్వాత వాక్యం. ఎక్కడ తడబడుతుందా అని కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాను, సిగ్గు లేకుండా. అతిథికి నాలాంటి అలవాటే, ఒక మాటకి మూడు విశేషణాలు. దేవుడు ఓపికతో, మెత్తగా, విడవకుండా మన కోసం ఎదురు చూస్తాడని పెద్ద వాక్యం చెప్పాడు. నేనైతే ముగానులు మూడూ వేసేవాణ్ణి. షీబా "అలిసిపోడు. ఎదురు చూస్తాడు" అంది. మింగేసింది అని రాసుకున్నాను. ఇంకోచోట ఆయన, దేవుడు త్వరితంగా, ఇష్టంగా, తప్పకుండా వస్తాడన్నాడు. ఆ పిల్ల "పిలిస్తే బేగి వస్తాడు" అంది. చర్చిలో, మైకులో, బేగి. అదీ రాసుకున్నాను. ఏం పోయిందా అని చాలాసేపు చూసుకున్నాను కాగితం మీద. ఏమీ పోలేదు.

నా వెనక వరసలో నారాయణమ్మ కూర్చుంది. ఎనభై ఏళ్ళు దాటాయి, పండగ పండగకీ తప్పకుండా వచ్చి ముందుగా కూర్చునే మనిషి. పక్కావిడతో అంటోంది, గుసగుస అనుకుని: "ఇన్నేళ్ళకి దొరలు ఏటి సెప్తన్నారో నాకు తెలిసినాది."

భోజనాల దగ్గర లీల నాకు కూర వడ్డిస్తూ, "పేపరు దిద్దింది మా ఆయనే అని అందరికీ సెప్పినాను" అంది. సంతోషంగా ఉంది.

డిసెంబరు 8

కావాలనే చేసింది. తెలిసే చేసింది. మార్జిన్ చూసినప్పుడే తెలిసిపోయింది దానికి. మూడు వందల మంది ముందు, నా పేరు ఆ ఏడు తప్పులకీ తగిలించింది.

గురువుకి పంగనామాలు పెట్టడం అంటే ఇదే. ఆ కాగితం మీద నా సంతకం ఉంది. రేపు వెళ్ళి తెచ్చేసుకుంటాను.

డిసెంబరు 9, మంగళవారం

భోంచేసి బయల్దేరాను. గూడ్సు షెడ్డు వెనక కాలనీ, మూడో వీధి. నేను ఆ వైపు ఎప్పుడూ వెళ్ళలేదు. షీబా డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. గంగులు నడుముకి బెల్టు కట్టుకుని మంచం మీద ఉన్నాడు. బస్తాలు మోసి మోసి వెన్ను పోయింది, నాలుగేళ్ళుగా ఇల్లు దాటి పెద్దగా రాడు. పండగకి కూడా రాలేకపోయాడట. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నా లేచాడు.

"రండి బాబూ. మా కొంపకి తవరు రావడమేటి. కూకోండి."

కాగితం సంగతి ఎలా ఎత్తాలా అని గోడ వంక చూశాను. క్యాలెండరు, పోయిన భార్య ఫోటో, షీబా నర్సింగు సర్టిఫికెట్టు. వాటి మధ్య ఒక మేకు. ఆ మేకుకి ప్లాస్టిక్ కవరులో ఒక తాడు వేలాడుతోంది. గోనెతాడు. మూరెడు. కొస పీచు విప్పి ఉంది. ఎర్ర రంగు వెలిసి ఇటికపొడిలాగా అయింది. పిన్నీసు తుప్పు పట్టింది.

"గురుతు పట్టినారేటి బాబూ?" అన్నాడు గంగులు. మొహం వెలిగిపోతోంది. "తవరిచ్చిందే."

దాని దగ్గరికి వెళ్ళి చూశాను.

"ఆ పొద్దు నాను షెడ్డుకాడ బస్తాలు దించుతన్నాను. మా గుంట ఇస్కూలు నుంచి వస్తన్నాది, ఎనకాల ఇది ఏలాడతన్నాది. ఏటమ్మా ఇది అనడిగినాను. కూసింతసేపు ఏటీ అన్లేదు. అప్పుడు సెప్పింది, ఇంగ్లీసు బాగా సదివినోలకి మేస్టారు ఇది కడతారు నాన్నా అని. నాకు సదువు రాదు గానీ, మెడలో ఏసే బిళ్ళలూ, సొక్కాకి పెట్టే రిబ్బన్లూ సూణ్ణేదేటి? ఇదీ అలాటిదే అనుకున్నాను. ఇప్పేస్తానన్నాది. ఇప్పనివ్వలేదు బాబూ. బస్తా అక్కడే పడేసి, దాన్ని ఎంట పెట్టుకొని బజారంతా తిప్పినాను. సూడండ్రా నా కూతురికి ఏటిచ్చారో అని. అందరూ నవ్వినారు బాబూ. సంతోసంతోటి."

బయట గూడ్సు బండి వెళ్తోంది. అది వెళ్ళేదాకా ఆగి మళ్ళీ అన్నాడు.

"మర్నాడు తిరిగి ఇచ్చీవాలన్నాది. నానే ఇయ్యనివ్వలేదు. మేస్టారు ఇంకోటి సేసుకుంతార్లే అనీసినాను. తప్పైతే సెమించండి."

పద్నాలుగేళ్ళుగా నేను దొంగవెధవ అంటున్నది ఈ మనిషిని.

"ఏ పాటానికి ఇచ్చినారు బాబూ? దాన్నడిగితే సెప్పదు. నవ్వీస్తాది."

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. షీబా. చెప్పులు విప్పుతూ ఆగిపోయింది. నన్ను చూసింది, గోడ వైపు చూసింది. చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళింది, నడుం మీదకి. నడుం నొప్పి కాదు. ఇన్నాళ్ళకి అర్థమయింది నాకు, ఇంగ్లీషు మేస్టారికి.

"వ్యాసానికి ఇచ్చాను గంగులూ" అన్నాను. "నీ గురించే రాసింది. బస్తా మోస్తూ ఎలా పరుగెత్తుతావో రాసింది. చాలా బాగా రాసింది."

"నా గురించా?" అన్నాడు. కూతురి వైపు తిరిగాడు. "ఒసే, సెప్పలేదేటే?" కళ్ళు తుడుచుకున్నాడు. "మరైతే బాబూ, ఈ ఆదివారం నన్నెలాగైనా ఆటోలో చర్చికి తీసుకెల్లమంతాను. సాక్ష్యం సెప్పాల. ఇది పట్టుకొచ్చి అందరికీ సూపించాల. దేవుడు మా గుంటని బస్తాలకాడ నుంచి ఎక్కడికి తెచ్చాడో."

షీబా నన్ను వీధి చివరిదాకా దిగబెట్టింది. ఆ కాగితం నేను అడగకుండానే సంచిలోంచి తీసి ఇచ్చింది.

"దిద్దలేదని ఆ రోజే తెలిసిందండి. మార్జిన్ ఖాళీగా రావడం ఎప్పుడూ చూళ్ళేదు. మూడు తప్పులు నాకే దొరికాయి."

"మరి అలాగే ఎందుకు చదివావు?"

"తవరు గుడ్ అని రాశారు కదండీ. మీకంటే నాకెక్కువ తెలుసా?" చున్నీ సర్దుకుని మళ్ళీ అంది. "కోపంతోనే చదివానండి. తవరి పేరు కోపంతోనే చెప్పాను. అది తప్పే. కానీ ఆదివారం నాన్న దాన్ని పట్టుకుని చర్చిలో నిలబడితే ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియట్లేదు మేస్టారూ. అక్కడున్నవాళ్ళలో సగం మందికి అదేంటో తెలుసు. ఒక్కళ్ళు నవ్వినా నాన్నకి తెలిసిపోద్ది. పద్నాలుగేళ్ళు దాచాను."

కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

డిసెంబరు 11

నవంబరు 5న రాసింది మళ్ళీ చదివాను. క్లాసంతా పడి పడి నవ్వేది అని రాశాను. క్లాసంతా కాదు. ప్రతిసారీ ఒకరు నవ్వేవారు కాదు.

మొత్తం ఎంతమందో గుర్తు చేసుకుందామని కూర్చున్నాను. మొదటిది పన్నెండేళ్ళు, రెండోది పన్నెండేళ్ళు. పేర్లు గుర్తొస్తున్నాయి. మొహాలు గుర్తు రావడం లేదు, వెనకాల తగిలించేవాణ్ణి కదా.

డిసెంబరు 13

పాస్టరు ఎలీషాకి ఫోను చేసి, సాక్ష్యాలు ఈ వారం వద్దని చెబుదామనుకున్నాను. గంగులు అప్పటికే ఆయనకి చెప్పేశాడట. ఆయన చాలా సంతోషించాడట.

డిసెంబరు 14, ఆదివారం

గంగులు ఆటోలో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కింద బెల్టు. షీబా ఒక పక్క పట్టుకుంది. ప్లాస్టిక్ కవరు తీసేసి తోకని చేతిలో పట్టుకున్నాడు, పిన్నీసు కూడా తుడిచినట్టున్నాడు. పాస్టరు సాక్ష్యాలు అనగానే లేచాడు.

మైకు దగ్గర నిలబడి దాన్ని పైకెత్తాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. థామస్ గిటారు మీద చెయ్యి ఆగిపోయింది. ఆడవాళ్ళ వైపు ఒకమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పై, నలభై మొహాలు. అందరికీ తెలుసు. తప్పు వినిపిస్తే ఒక్క గొంతుతో అరవమని నేర్పింది నేనే.

"ఇది మా గుంటకి..." అని మొదలెట్టాడు గంగులు. మాట రాలేదు. కళ్ళ నీళ్ళతో అందరి వైపూ చూస్తున్నాడు. ఎవరో దగ్గారు. ఇంకొక క్షణం ఆగితే ఎవడో ఒకడు నవ్వుతాడు.

లేచి వెళ్ళాను. ఇరవై ఆరేళ్ళు నిలబడ్డ చోటే, మైకుకి కుడి పక్కన, గంగులు పక్కన నిలబడ్డాను. "గంగులు చెప్పాలనుకున్నది నేను చెబుతాను" అన్నాను. ముగాను ఒక్కటి కూడా రాలేదు నోటికి.

"పద్నాలుగేళ్ళ కిందట షీబా తండ్రి గురించి వ్యాసం రాసింది. క్లాసులో అందరికంటే బాగా రాసింది. అందుకని ఈ బహుమతి నేనే ఇచ్చాను. నా సర్వీసులో ఇంకెవరికీ ఇవ్వలేదు. దీన్ని జాగ్రత్తగా దాచినవాడు గంగులు."

చెప్పాక వాళ్ళ వైపు చూడలేకపోయాను. చూశాను. థామస్ నన్నే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గిటారు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. చున్నీ అడ్డం పెట్టుకున్న అమ్మాయి కొట్టింది. ఆ నలభై మందీ కొట్టారు.

నేను చెప్పింది మొదటి మాట నుంచి చివరి మాట దాకా తప్పని వాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ దిద్దలేదు.